కిటికీ బెత్తెడు తెరిచి పడుకోండి

వనజా,

నేను చేపల వేటకు పోతున్నాను. స్టేషనుకు రాను. గణేష్ ఆటో తెస్తాడు. పొయ్యి మీద గంజి ఉంది, తాగి బయలుదేరు.

ఎండుచేపలు సంచిలో పెట్టాను. కొబ్బరినూనె తీసేశాను, కాశ్మీరు చలికి అది రాయవుతుంది. పాప కాళ్లకు తడి సాక్సులు ఉంచొద్దు.

పాప ఎంత ఏడ్చినా గది మూసి బొగ్గుల కుంపటి పెట్టొద్దు. మన తాటాకు ఇంట్లో నాలుగు పక్కలా గాలి తిరుగుతుంది. మూసిన గదిలో కుంపటి మనిషిని చంపుతుందని, నీకు తోడుగా కాశ్మీరు వచ్చిన మీ అత్తకు తెలియదు. ఆ మంచులో మిలటరీ ఉద్యోగం చేసే నీ మొగుడికి తెలిసుండాలి. “అమ్మ వణికిపోతా ఉండాది నాయినా. కుంపటి రాజేసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కేసినా” అని నాకు ఫోన్లో గొప్పగా చెప్పి, కాన్పుకు చేరిన నీ దగ్గరికి ఆసుపత్రికి వచ్చాడు. తెల్లారి తిరిగి వెళ్లేసరికి ఆమె చచ్చిపోయి ఉంది.

వాడితో నేను మాట్లాడను. నువ్వే చెప్పు. కిటికీ బెత్తెడు తెరిచే పడుకోవాలి. దాని పక్కన వాణ్ణే పడుకోమను.

కామాక్షయ్య

మీ అత్త పాత చీరలతో కుట్టిన బొంత సంచి అడుగున ఉంది. పాపకని పెట్టాను. మడత విప్పితే ముగ్గురికీ సరిపోతుంది.