కొండ ఎక్కేటప్పుడు గేరు తగ్గించండి

ఏమండీ,

నేను బస్సులో డ్యూటీకి వెళ్తున్నాను, కారు మీకే వదిలేశాను. అమ్మాయిని మా ఆసుపత్రికి స్కానింగుకి తీసుకొచ్చేటప్పుడు కొండ ఎక్కుడులో గేరు తగ్గించండి. ఇంజను గోల పెట్టినా సరే, పై గేరులో ఈడ్చకండి.

నిన్న ఆ ఎక్కుడులోనే టకటకమని చప్పుడొస్తే మీరు రేడియో పెంచారు. నాకు మనసాగక మెకానిక్‌ని అడిగాను. "ఈ ఇంజనులో పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్ముతుందమ్మా. చదును రోడ్డు మీద మెల్లగా వెళ్తే ఏం కాదు. ఎక్కుడులో ఇంజను మెల్లగా తిరుగుతుండగా పై గేరులోనే గట్టిగా తొక్కితే, స్పార్కు పడకముందే పెట్రోలు అంటుకుంటుంది. ఒక్కోసారి పిస్టనే పగులుతుంది," అన్నాడు. అప్పటినుంచి నా ప్రాణం కుదుటపడలేదు. ఆ మలుపుల్లో ఫోను కూడా పలకదు. నెలలు నిండిన పిల్లతో దారిలో ఆగిపోతే ఏం చేస్తారు?

పెట్రోలు ఆదా కోసమే అలా తోలుతున్నారనుకుని మిమ్మల్ని పిసినారి అని దెప్పాను. ఇందాక అమ్మాయి చెప్పింది: "ఇంజను గట్టిగా అరిస్తే కడుపులో బిడ్డ ఉలిక్కిపడుతుందని నాన్న భయమమ్మా." ఆ ముక్క నాతో అంటే మీ సొమ్మేం పోయింది?

గేటు దగ్గరే చూస్తుంటాను. ముగ్గురూ క్షేమంగా రండి.

ఇంకో మాట. అమ్మాయి నా కడుపులో ఉన్నప్పుడు మీ డొక్కు స్కూటరు మీదే ఊరంతా తిరిగాను. అదేం ఉలిక్కిపడలేదు, నిద్రపోయేది.