స్ట్రౌడ్‌ని ఎరగని మంగలి

అయోవా సిటీ, 1987 మే 4

బాబాయ్‌కి విల్లా నమస్కారాలు.

నాన్న పోయాక ఆయన క్యాట్‌ఫిష్ జట్టు మనిద్దరి పేర్న ఉంది కదా, అదే, హాస్కెల్ తన కంప్యూటర్‌లో ఆడించే తపాలా బేస్‌బాల్ లీగ్‌లో. రెండేళ్లుగా ఆఖరి స్థానం మనదే. ఈసారీ ఆఖరైతే మన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాడట. నాన్న పదకొండేళ్లు పెంచిన జట్టు! నాకు నిద్ర పట్టడం లేదు.

బంతి విసరడానికి కొత్త పిచర్ కావాలి. క్లేటన్ ఫెర్రీ ఊరి ఎమెట్ స్ట్రౌడ్ అంకెలు అద్భుతం. దీంతో పంపిన కాగితంపై సంతకం పెట్టి, శనివారంలోగా అందేలా హాస్కెల్‌కి పంపు. నీ ఇంటికి దగ్గరేగా.

నీ విల్లా

తా.క.: ఏమీ మార్చకు. దణ్ణం పెడతాను.

•

డబ్యూక్, మే 6

అమ్మాయ్ విల్లాకి,

నలభై ఏళ్లు ఆటగాళ్లని వెతికే స్కౌట్‌గా తిరిగాను. కంటితో చూడనివాణ్ణి ఒక్కణ్ణీ తీసుకోలేదు. అందుకే తొంభై మైళ్లు బండి నడిపి క్లేటన్ ఫెర్రీ వెళ్లాను. ఊళ్లో ఒక్కటే మంగలి షాపు. స్ట్రౌడ్ ఎవరో మంగలికి తెలీదు! పాస్టర్‌కీ తెలీదు! అంత గొప్ప పిచర్ ఉంటే మంగలికి తెలీకుండా ఉంటుందా? వాడు జైల్లోనన్నా ఉండాలి, అప్పులవాళ్లకి దొరక్కుండానన్నా తిరుగుతూ ఉండాలి. పైగా నీ కాగితం చివర స్కౌట్ మాట చదివావా? 'మోచెయ్యి అనుమానం' అని. అంకెలకి మోచేతులు కనపడవు తల్లీ.

మీ బాబాయ్ రోలిన్

తా.క.: అక్కడ రూబార్బ్ పై అని ఒక తీపి వంటకం, బ్రహ్మాండం. రెండు తిన్నాను.

•

మే 7, ఎక్స్‌ప్రెస్ పోస్ట్

బాబాయ్!

స్ట్రౌడ్ ఏ ఊళ్లోనూ లేడు! వాణ్ణి కంప్యూటర్ పుట్టించింది, మ్యాపులో దొరికిన ఊరి పేరు తగిలించింది. మిగిలింది ఒక్కరోజు. సంతకం పెట్టి పంపెయ్, నీ కాళ్లు పట్టుకుంటాను.

విల్లా

తా.క.: పాస్టర్‌ని కూడా అడిగావా? ఖర్మ!

•

మే 8

విల్లాకి,

తల్లీ తండ్రీ లేనివాణ్ణి ఆడించమంటావా? స్ట్రౌడ్ పేరు కొట్టేసి, ఆర్వల్ టీట్జ్ అని రాసి హాస్కెల్ చేతికే ఇచ్చాను. క్లేటన్ ఫెర్రీలో పాలబండి నడుపుతాడు, ఇరవై రెండేళ్లు. ధాన్యం గోదాముల వెనక ఆడుతుంటే చూశాను. ఏం చెయ్యి వాడిది!

రోలిన్

తా.క.: రావడానికి సిద్ధమేనట. భోజనం ఎవరు పెడతారని అడుగుతున్నాడు.

•

నవంబర్ 15

బాబాయ్‌కి,

ఇన్నాళ్లూ కోపంతో రాయలేదు. 'ఆ పేరు నా మెషీన్‌లో లేదు' అని హాస్కెల్ ఆటగాణ్ణి ఎంచుకునే మన వంతు రద్దు చేశాడు. ఆఖరి స్థానమే వచ్చింది. చోటు పోయింది. నాన్న టోపీ ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను.

నీది తప్పని లెక్కలతో రుజువు చేద్దామని మేలోనే క్లేటన్ ఫెర్రీ వెళ్లాను. ఆర్వల్ తొంభై నాలుగు బంతులు వేస్తే డెబ్భై ఒకటి గురి తప్పని స్ట్రైకులు. నమ్మలేక మరో మూడు ఆదివారాలు వెళ్లి లెక్కపెట్టాను. ఆ నోట్‌బుక్ మా కాలేజీ కోచ్‌కి చూపిస్తే, అంకెలు నమ్మనని తనే వెళ్లి చూసొచ్చాడు. ఆర్వల్ ఆగస్టు నుంచి మా కాలేజీ జట్టులోనే. భోజనం కాలేజీ పెడుతోంది.

ఇక స్ట్రౌడ్. వాణ్ణి వేరే జట్టు తీసుకుంది. జూన్‌లో మోచెయ్యి పోయింది, కంప్యూటర్‌లోనే. క్షమించు బాబాయ్. ఇకమీద నువ్వు చూడు, నేను లెక్కపెడతాను.

నీ విల్లా

తా.క.: పాపం హాస్కెల్ మనమీద జాలిపడి, వచ్చే ఏటి ఆటగాళ్లలో ఆర్వల్ పేరు కూడా చేర్చాడు. మన చోట్లోకి వచ్చినవాడు మొట్టమొదట వాణ్ణే ఎగరేసుకుపోయాడు. చూడకుండానే, బాబాయ్!