రెండింటి నడుమ కూర్చున్న అణువు

సుజాతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా మన ల్యాబ్‌లో జరిగింది నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మన వాదన తేలింది. లోహపు పలక మీద కార్బన్ మోనాక్సైడ్ అణువు ఎలా అతుక్కుంటుందని ఎన్నిసార్లు పోట్లాడుకున్నామో! ఒకే లోహ పరమాణువు మీద నిలబడుతుందని నేననేదాన్ని. "కాదే, రెండింటి నడుమ కూసుంటది. జర ఓపిక పట్టు" అనేదానివి నువ్వు. దవాఖానలో మంచం మీద కూడా అదే మాట.

పెట్టెలోంచి గాలి లాగేసే పంపు చాన్నాళ్లుగా పాడై ఉందిగా, అది బాగయింది. నిన్న ఎలక్ట్రాన్ల పుంజాన్ని పలక మీదికి వదిలాను. తగిలి వెనక్కి వచ్చిన ఎలక్ట్రాన్లు ఎంత శక్తి పోగొట్టుకున్నాయో చూస్తే, అక్కడి బంధం ఎలా కంపిస్తోందో తెలుస్తుంది కదా. అణువు రెండు పరమాణువుల నడుమ ఉంటే గ్రాఫులో శిఖరం ఎక్కడ రావాలో, సరిగ్గా అక్కడే లేచింది. మళ్లీ చేసినా అంతే. నీదే నిజం.

ఇవాళ సాయంత్రం గోపన్‌పల్లిలో మీ ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను.

"అంటే మా పిల్ల అన్నదే అయ్యిందా?"

"అవునమ్మా. నేనే ఓడిపోయాను."

"ఇంట్ల గూడ గంతే. అన్న మాట ఇడిచేది కాదు" అని నవ్వింది. ఇన్నాళ్లూ నీ మాట ఎత్తితే చాలు, లేచి లోపలికి వెళ్లిపోయేది. ఇవాళ కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"నాకేం సమజ్ కాలే గానీ, ఇంకోసారి చెప్పు బిడ్డా."

మొదటినుంచి మళ్లీ చెప్పాను.

నీ పద్మ