కెమెరా ఆగకుండా చేసిన ఉపాయం

సౌభాగ్యవతి అయిన మా ఆవిడకు ఆశీస్సులు.

ఇక్కడ నేనూ అమ్మాయీ ఒంటి వరకూ కులాసాగానే ఉన్నాం. ఆసుపత్రి డ్యూటీలతో పట్టేసిన నీ నడుం సర్దుకుందని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. మన సెలూన్లో సింకు బాగైందా అని అడిగావు. బాగైంది. పైపులోంచి బారెడు జుట్టు లాగాను, నల్లదీ తెల్లదీ రంగేసిందీ కలిసి జిగురు పట్టి. సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. అయినా నా ఫోన్ ముట్టుకోవడం కంటే అదే నయం.

ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదేమని నిలదీశావు. అమ్మాయి ఫలితం సంగతీ అడిగావు. రెండూ ఒకటే. మందుల షాపు ఉద్యోగానికి ఆ పరీక్ష కెమెరా ముందు కూర్చుని నా ఫోన్లో రాయాలి కదా. మన నెట్ ప్లాన్‌లో వీడియో అంటే చాలు, కంపెనీవాడు వేగం తగ్గించేస్తాడు. నమూనా పరీక్షలో కెమెరా మాటిమాటికీ ఆగిపోయింది. పిల్ల బెంగపెట్టుకుంది.

గుండాయన తెలుసుగా, నెత్తిమీద వెంట్రుక లేకపోయినా గడ్డం దిద్దించుకోవడానికొచ్చి గంటసేపు కుర్చీ వదలని పెద్దమనిషి. "వీపీఎన్ యాప్ వేసుకోవయ్యా! నువ్వు వాడేది వీడియోనో ఏమిటో కంపెనీవాడికి తెలీదు, వేగం తగ్గించలేడు. పైగా ఉచితం" అన్నాడు. మెడమీద నురగతోనే నా ఫోన్ లాక్కుని పెట్టేశాడు. అమ్మాయికి చెప్పలేదు. చెబితే ఒప్పుకోదు.

పరీక్షలో కెమెరా ఒక్కసారీ ఆగలేదు. నేను మీసం మెలేశాను. తర్వాత ఫలితానికి బదులు రద్దు కబురొచ్చింది. వేరే దేశం నుంచి ఎవరో రాసినట్టు వాళ్లకి కనపడిందట. ఆ దిక్కుమాలిన వీపీఎన్ మన పిల్ల పరీక్షని ఎక్కడెక్కడో తిప్పి పంపిందని అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు. గుండాయన్ని అడిగితే, "నా పేరు మాత్రం ఎత్తకు" అని గడ్డం తుడుచుకుని పోయాడు. ఛీ! ఆ మొహానికి మళ్లీ కత్తి పెట్టను.

ఇక చెప్పకుండా దాచింది రాస్తున్నాను. పరీక్షల మేడమ్ ఫోన్ చేసి, "ఆ ఫోన్లో ఎవరైనా ఏదైనా పెట్టారా?" అని అడిగింది. స్పీకర్లో నాకూ వినపడుతోంది. అమ్మాయి తడుముకోకుండా, "అది మా నాన్న ఫోనండీ. ఆయన అలాంటి పనులు చెయ్యరు" అంది.

నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. కుర్చీలో ఉన్నాయన తల దువ్వుతూనే ఉన్నాను. నా మీద నాకే రోత పుట్టింది. ఆ పూటే ఫోన్ సొరుగులో పడేసి, ఛార్జింగ్ ఎక్కడం లేదని పిల్లకి ఇంకో అబద్ధం చెప్పాను.

నిన్న పిల్లకి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "అయితే నాతో అబద్ధం ఆడించావన్నమాట" అంది, అంతే. మేడమ్‌కి తనే నిజం చెబుతానంది. ఫోన్ తీసి ఇవ్వబోతే ముట్టుకోలేదు. కింద కుట్టుమిషన్ ఆవిడ ఫోన్ అడిగి తెచ్చుకుని చేసింది. మళ్లీ రాయనిస్తారో లేదో ఇంకా తేల్చలేదు. నాతో మాట్లాడటం లేదు.

నీకూ ఆ ఫోన్ నుంచే చేస్తుంది. కొత్త నంబరని కొట్టెయ్యకు. ఏడిస్తే ఏడవనీ. నన్ను మాత్రం వెనకేసుకురాకు. ఆ పని పిల్ల ఒకసారి చేసింది, చాలు.

ఇట్లు,
అమ్మాయి వాళ్ల నాన్న