మసావోకి మారు వడ్డన

స్కార్‌బరో, కెనడా

చెల్లి వరాలుకి,

నీ అక్క సత్యవతి రాయడం. ఇక్కడ నేను, సుజాత, అల్లుడుగారు బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావు? బీపీ మాత్ర వేసుకుంటున్నావా, మర్చిపోతున్నావా? మరిదిగారి దగ్గు తగ్గిందా? కోడలికి నెలలు నిండుతున్నాయి కదా, బరువులు ఎత్తనివ్వకు. ఆపరేషన్ అయ్యాక పెద్దమ్మ చూపు ఎలా ఉంది? ఫోన్‌లో అడిగితే అందరూ బాగున్నామనే అంటారు, అందుకే రాస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఇక్కడ మంచు ఇంకా తగ్గలేదు. నా గురించి బెంగ పెట్టుకోకు, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకునే ఉంటున్నాను. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే, అదొక్కటే.

మా బేస్‌మెంట్‌లో మసావో అని జపాను అతను అద్దెకుంటున్నాడు. కిక్‌బాక్సింగ్ ఆడతాడు, అంటే చేతులతోనూ కాళ్ళతోనూ కొట్టుకునే ఆట. చిన్నప్పుడే మొదలుపెట్టి వాళ్ళ దేశంలో గెలిచి, థాయిలాండ్ వెళ్ళి అక్కడా గెలిచి, ఇక్కడికొచ్చి ఛాంపియన్ అయ్యాడట. ముక్కు కూడా విరిగిందట. పొద్దున్నే కింద స్కిప్పింగ్ తాడు చప్పుడు వింటే నాకు నాన్న దండీలు, బస్కీలు గుర్తొచ్చేవి. నాన్న తాలింఖానాలో కుస్తీ పట్టి ఒళ్ళంతా మట్టితో వచ్చేసరికి అమ్మ నానబెట్టిన శనగలు, బెల్లం గిన్నెలో ఉంచేది. మనం అందులో చెయ్యి పెడితే నాన్న చూడనట్టు అటు తిరిగేవాడు. గుర్తుందా?

పోయిన నెల మసావో చిక్కిపోయాడు. బుగ్గలు లోపలికి పోయాయి. ప్లాస్టిక్ కోటు వేసుకుని మంచులో పరుగులు. ఒంట్లో బాగాలేదో, వండుకునే ఓపిక లేదో అని నాకు ఒకటే గుబులు. ఒక మధ్యాహ్నం సుజాత ఆఫీసులో ఉండగా పైకి పిలిచాను. ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ కూర, నెయ్యి. వద్దన్నట్టు చేతులూపాడు. నేను కుర్చీ చూపించాను. పెద్దదాన్ని కదా, కాదనలేక తల వంచి కూర్చున్నాడు. మెతుకు మిగల్చకుండా తిన్నాడు. కంచం ఖాళీ అయితే మనం ఊరుకుంటామా? మళ్ళీ వడ్డించాను. అదీ తిన్నాడు. మళ్ళీ వడ్డించాను. చెమటలు పడుతుంటే ఆవకాయ ఘాటనుకుని ఇంకాస్త నెయ్యి వేశాను.

సాయంత్రం సుజాత విని కూలబడింది. "అమ్మా, రేపు పొద్దున్న అతనికి తూకం. కొంచెం ఎక్కువున్నా ఛాంపియన్ బెల్టు పోతుంది. అందుకే కడుపు మాడ్చుకుంటున్నాడు."

కంచంలో వదిలేస్తే వాళ్ళలో పెట్టినవాళ్ళకి అవమానమట. ఖాళీ చేస్తే మనకేమో ఇంకా కావాలని. నాకేం తెలుసు వరాలూ? చెమట పట్టి బరువు దిగాలని అతను వేడినీళ్ళ తొట్టెలో కూర్చోవడం, మంచులోకి పరిగెత్తడం, మళ్ళీ తొట్టె. తూకం సరిపోయిందని తెలిసేదాకా కాఫీ కూడా దిగలేదు.

మర్నాడు పోటీకి సుజాత నన్నూ తీసుకెళ్ళింది. దసరాకి నాన్న గోదాలోకి దిగితే అమ్మ ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చునేది కదా, నేనూ కళ్ళు మూసుకున్నాను. మధ్యమధ్య తెరిచి చూశాను. మసావో ఓడిపోయాడు. బెల్టు ఒక కుర్రాడి నడుముకి కట్టారు. మసావో ఆ కుర్రాడికి వంగి దండం పెట్టాడు. నాన్న ఓడిపోయిన ఏడు గెలిచినవాడికి తన తలపాగా చుట్టి వచ్చాడు చూడు, అలాగ.

నా అన్నం వల్లే ఓడిపోయాడని ఏడుపొచ్చింది. సుజాత చేత క్షమాపణ చెప్పించాను. వాచిన పెదవితోనే నవ్వాడు. అతనన్నది సుజాత తెలుగులో చెప్పింది: "పప్పు వల్ల కాదు, నా మోకాళ్ళ వల్ల. మా అమ్మ పోయాక నాకెవరూ కొసరి వడ్డించలేదు. ఆ రోజు కంచం ముందునుంచి లేవాలనిపించలేదు."

ఇక పోటీలు మానేశాడు. ఇక్కడే పిల్లలకి నేర్పుతాడట. మొన్న ఆదివారం భోజనానికి పిలిచి, చాలనుకుంటే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాలని ముందే నేర్పాను. రెండుసార్లు చేసి చూపించాడు కూడా. తీరా కంచం ఖాళీ అయ్యాక చెయ్యి ఒళ్ళోనే ఉంది. నేను మళ్ళీ వడ్డించాను.

నాన్న కర్రసాము కర్ర అటక మీద ఉంటే దింపి తుడిచి పెట్టు, అతనికి ఫోటో పంపాలి. పెద్దమ్మకి నా దండాలు చెప్పి, క్షేమంగా రావాలని దీవించమను. పిల్లలకి నా ముద్దులు. టికెట్ తీశారు. మార్చి ఎనిమిది, ఆదివారం పొద్దున్న రాజమండ్రిలో దిగుతాను.

అక్క సత్యవతి