వరదకట్టకు అడ్డొచ్చిన నా ఇంటి గురించి

సైన్యంలో జనరల్‌గా, ఆ తర్వాత వరద నివారణ శాఖ ముఖ్య కార్యదర్శిగా పనిచేసి రిటైరైన నేను, పూర్తి స్పృహతో, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. మోకాళ్లు అరిగాయి గానీ బుర్ర అరగలేదని డాక్టరిచ్చిన పత్రం జతపరిచాను. నాకు మతి చెడిందని కోర్టుకెక్కబోతున్న మా తమ్ముడు ముందది చదువుకోవాలి. ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు.

1. నా స్వార్జితమైన నది ఒడ్డు ఇల్లు నా తదనంతరం ఎవరికీ చెందదు. దాన్ని పునాదితో సహా కూల్చి, స్థలాన్ని వరదకట్ట కోసం శాఖకు అప్పగించాలి.

కారణం వారసులకు తెలియాలి. నేల తొక్కకుండా ఏ ఫైలు మీదా సంతకం పెట్టకపోవడం సైన్యం నుంచి ఆఫీసుకు తెచ్చుకున్న అలవాటు. ఇంజనీర్లను ఏసీ గదుల్లోంచి బురదలోకి దింపినందుకు నాకు 'బూట్లాయన' అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. కట్ట మా ఇంటి నడిమధ్యలోంచి పోతుందని తెలిసే గీత గీయించాను. అదే వరుసలో ఇళ్లు పోయినవాళ్లు మా గుమ్మంలో కూర్చుని ఏడిస్తే, నాదీ పోతుందని మాటిచ్చాను. తీరా నేను మోకాలి ఆపరేషన్‌కు ఆసుపత్రిలో ఉండగా, నా కింది ఇంజనీర్లు నా మీద గౌరవం కొద్దీ కట్టను మా ప్రహరీ చుట్టూ నదిలోకి వంచేశారు. వరదంతా వచ్చి ఆ వంపునే కొడుతుంది. అది తెగితే మునిగేది మా వెనకున్న దర్జీల వీధి. నేను లేచొచ్చి ఇదేం గౌరవమయ్యా అని నిలదీసేనాటికి నా పదవీకాలం ముగిసింది. రిటైరయ్యాక ఎన్ని అర్జీలు పెట్టినా, సార్ ఇంటి మీద చెయ్యెలా వేస్తామన్నదే జవాబు.

2. తమ్ముడు ఆ ఇంట్లో నా పేరున మ్యూజియం పెడతాడట. నా టోపీ చూడ్డానికి ఎవడొస్తాడు? ఆ టోపీ వాడికే ఇస్తున్నాను, పెట్టుకుని అద్దంలో చూసుకోవచ్చు. చిన్నప్పుడు నా వీపు దిగనివాడు గనుక వరండాలోని ఉయ్యాల బల్ల కూడా వాడిదే. కూల్చివేతకు అడ్డుపడితే రెండూ దక్కవు.

3. మా ఆవిడ కుట్టుమిషను కోడలికి. అత్తాకోడళ్లు దాని దగ్గర చేరి నన్ను ఆడిపోసుకునేవారు. నాకు చెవుడనుకున్నారు. ఆ నవ్వులు వినడానికే వినబడనట్టు ఉండేవాణ్ణి.

4. పతకాలు కొడుక్కి. సైన్యంలో చేరనని నా మొహం మీదే చెప్పిననాడే వాడి ధైర్యం నాకు తెలిసింది. గోడకు మాత్రం తగిలించొద్దు.

5. ఈ వీలునామా అమలు బాధ్యత కూతురిది. నాతో వాదించి గెలిచింది అదొక్కతే. వాళ్లమ్మ కన్నుమూసిన గది కూలుతుంటే దానికి ఏడుపొస్తుంది. ఏడవ్వే తల్లీ, పని మాత్రం ఆపించకు.

6. నాకు అధికార లాంఛనాలు, తుపాకుల వందనం వద్దు. వచ్చిన జవాన్లకు తలో గడ్డపార ఇవ్వండి.

7. మనిషి పోయాకే వీలునామా అమల్లోకొస్తుందని వకీలు చెబుతున్నాడు. నది నా చావు కోసం ఆగుతుందా? వానలు దగ్గరపడ్డాయి. ఇల్లే లేకపోతే గౌరవించడానికి వాళ్లకేమీ మిగలదు. అందుకే రేపు పొద్దున్నే మేస్త్రీని రమ్మన్నాను. మొదటి దెబ్బ నేనే వేస్తాను, మా ఇద్దరి పడకగది గోడ మీద. నా గుండె ఎంతవరకు ఒప్పుకుంటుందో తెలియదు. నేను ఏ ఇటుక దగ్గర ఆగిపోతే, అక్కడినుంచి మీరు అందుకోవాలి.

మే నెల మూడో తేదీన, దర్జీల వీధిలో నేను అద్దెకు దిగిన గదిలో రాసి సంతకం చేశాను.

(సంతకం)
విశ్రాంత జనరల్

సాక్షులు:
1. కూల్చివేత పనికి ఒప్పుకున్న మేస్త్రీ
2. వీధి చివరింటి దర్జీ, ప్రస్తుతం నా ఇంటి ఓనరు