తహీర్‌కు జామీను

సూళ్లూరుపేట,
ఆదివారం.

చిరంజీవి తహీర్‌కు అమ్మ దువా చేసి రాయునది. ఇక్కడ నేనూ, నీ చెల్లెలు షాహిస్తా బాగానే ఉన్నాం. జైల్లో నువ్వూ బాగున్నావని రాశావు. నన్ను మభ్యపెట్టడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా. సరే, నమ్మాను.

నా మోకాలి నొప్పి అలాగే ఉంది. నీ పనిముట్ల సంచి పోలీసులు ఇంకా ఇవ్వలేదు. బస్టాండు దగ్గర గొడుగు వేసుకుని నువ్వు తాళంచెవులు చేసే చోట ఇప్పుడు ఎవరో సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు.

ఇక జామీను సంగతి. సొంత ఇల్లున్న ఇద్దరు సంతకం పెడితేనే నువ్వు బయటికొస్తావని వకీలు చెప్పాడు. మనది అద్దె ఇల్లాయె. రంగనాయకులు గారి దగ్గరికి వెళ్లాను. వాళ్ల తాళంచెవి పోయినప్పుడల్లా నిన్నే కేకేసేవాడు కదా. కుర్చీ వేయించి కాఫీ ఇప్పించాడు.

"మొదటి కేసులో నీ కొడుకు ఏమీ చెయ్యలేదని అందరికీ తెలుసు ఇమాంబీ. ఈసారి చేసినాడు గదా. నేను సంతకం పెట్టినానంటే మా ఇంట్లో ఊరుకోరు," అన్నాడు.

ఇంకో నాలుగిళ్లు తిరిగాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు. సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. తెలుసట! తెలిస్తే ఆ కేసు నుంచి నువ్వు ఇంటికొచ్చాక ఎనిమిది నెలల్లో ఒక్కరైనా నిన్ను పనికి పిలిచారా? నువ్వు తాళం తెరిచిచ్చిన ఇంట్లో నెల తర్వాత దొంగలు పడితే నిన్ను పట్టుకెళ్లారు. అసలు దొంగ దొరికాక వదిలేశారు. అయినా నువ్వు వీధిలోకి వస్తే జనం తలుపులు వేసుకున్నారు. షాపుల్లో పని అడిగితే చూద్దాంలే అన్నారు.

షాహిస్తా డిగ్రీ పుస్తకంలో ఇదంతా ఉందట. ఒకడికి దొంగ అని పేరు పెట్టి, పని ఇవ్వకుండా, పక్కన కూర్చోనివ్వకుండా దూరం పెడితే చివరికి ఆ పేరుకు తగ్గట్టే తయారవుతాడట. ఆ పుస్తకం రాసినాయన మన వీధికి ఎప్పుడొచ్చాడే అన్నాను. అది నవ్వింది.

"దూరం పెట్టేదెవరే?"

"సమాజం అమ్మా."

"అంటే ఎవరు?"

"అందరూనూ."

నేను కూడానా అని అడగబోయి మానుకున్నాను. ఎందుకో నీకు చెప్పాలి. ఇన్ని ఉత్తరాలు రాసీ చెప్పలేకపోయాను.

నువ్వు ఇంటికొచ్చిన ఎనిమిదో నెలలో, చెల్లి కమ్మలున్న ట్రంకుపెట్టెకు నేను తాళం వేశాను. నువ్వు పుట్టినప్పటి నుంచీ ఆ పెట్టెకు తాళం ఎరగం. నిన్ను ఎరగని షాపు వెతికి మరీ కొన్నాను. అందరూ అంటూ ఉంటే నా మనసు కూడా పాడైపోయింది నాయనా. నువ్వు చూశావు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "మంచి తాళమే తెచ్చినావమ్మా," అన్నావు. అన్నం తినకుండా బయటికి పోయావు. మూడో రోజు దొరవారిసత్రంలో, ఎవరింట్లోనో దొంగతనానికి దూరి దొరికిపోయావు.

బయటికొస్తే ఇంటికి రావచ్చా అని రాశావు. రా నాయనా. జామీను కోసం ఇంకా తిరుగుతాను. ఈ పొద్దున ఆ తాళం తీసి పారేద్దామని పెట్టె ముందు కూర్చున్నాను. చెయ్యి రాలేదు. నీ మీద నమ్మకం లేక కాదు అని రాయాలని ఉంది. రాస్తే అబద్ధమవుతుంది.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
ఇమాంబీ.